వాల్వు మార్చి లయను వదిలేస్తే

ఘాట్ రోడ్డు మలుపులన్నీ ఓర్చుకుని కర్నూలు, నంద్యాల, కడప నుంచి డాక్టర్లు, సిస్టర్లు చాలామంది వచ్చారు. శాలువా, మల్లికార్జునస్వామి పటం, లడ్డూ ప్రసాదం అన్నీ ముట్టాయి. నన్ను పరిచయం చేసిన అబ్బాయి చెప్పినదాంట్లో సగం తీసేసి వినండి. తెల్లారకముందే దర్శనం చేసుకుని విభూతి రేఖలతో వచ్చి కూర్చున్నవాళ్లే ఇక్కడ ఎక్కువ కనబడుతున్నారు. స్వామి మహిమ మీకు నేను చెప్పక్కర్లేదు.

వాల్వు ఆపరేషన్ చేసేటప్పుడు లయ తప్పిన గుండెకు చేసే చికిత్స గురించి మాట్లాడమన్నారు. మూడు సంగతులు చెప్తానని ఒప్పుకున్నాను. ఎవరికి చెయ్యాలి, ఎలా చెయ్యాలి, చేశాక ఏం చూసుకోవాలి. నలభై నిమిషాలిచ్చారు, చూద్దాం.

పొద్దున భ్రమరాంబ అమ్మవారి గుడి వెనక గోడ దగ్గర కాసేపు నిలబడ్డాను. భ్రమరనాదం వినడానికి జనం బారులు తీరారు. రెండుకాళ్ల జీవి చేతగానీ నాలుగుకాళ్ల జీవి చేతగానీ చావు లేని అరుణాసురుణ్ణి అమ్మవారు ఆరుకాళ్ల తుమ్మెదలతో చంపించిన కథ మీ అందరికీ తెలిసిందే. వెనక తోపులాట, పైన గంటల మోత. అయినా ఒక్కొక్కరూ గోడకు ఒక చెవి ఆనించి, రెండో చెవి అరచేత్తో మూసుకుని, కళ్లు మూసుకుని వింటున్నారు. ఆ వరుసలో మన పీజీ పిల్లలు కూడా ఉన్నారు. ముచ్చటేసింది. ఇంత శ్రద్ధగా వీళ్లు పేషెంటు ఛాతీ విని ఎన్నాళ్లయిందో అని కూడా అనిపించింది.

నవ్వకండి. మైట్రల్ స్టెనోసిస్ చప్పుడు దాదాపు అంత సన్ననిదే. పేషెంటును ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ఊపిరి వదిలి ఆపమనాలి. స్టెతస్కోపు గంటను గట్టిగా అదమకుండా గుండె కొస దగ్గర ఆనించాలి. ఫ్యాను ఆపించాలి. అప్పుడు దూరంగా ఉరిమినట్టు ఒక గుడగుడ వినిపిస్తుంది. లయ సరిగ్గా ఉన్నవాళ్లలో ఆ గుడగుడ చివర్లో, మొదటి శబ్దానికి కాస్త ముందు, హెచ్చుతుంది. పై గది చివరిసారి గట్టిగా నొక్కడం వల్ల వచ్చే హెచ్చు అది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వచ్చిన రోజున పై గది నొక్కడం మానేస్తుంది, ఆ హెచ్చూ పోతుంది. మా గురువులు ఆ ఒక్క తేడా పట్టుకోవడానికి మమ్మల్ని మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చోబెట్టేవారు. ఇప్పుడు పేషెంటు గది గడప దాటకముందే 'ఎకో రాసెయ్' అంటున్నారు. ఎకో వద్దని నేననను. వాల్వు రంధ్రం ఎంత సన్నబడిందో అదే చెప్పాలి. కానీ ఎకోకు పంపే చెయ్యి ముందు మణికట్టు మీద పడాలిగా.

ముందు వరుసలో చాలామంది చేతులకు గుండె లయ చూపించే గడియారాలున్నాయి. మంచివే, ఫిబ్రిలేషన్‌ను పట్టిస్తాయి కూడా. అవి చూస్తున్నది మీ నాడిని. మీ ఓపీకి వచ్చే ఆత్మకూరు కూలి మనిషి నాడిని మీరే చూడాలి, నిండా ఒక నిమిషం. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేస్తే ఈ జబ్బులో లెక్క తప్పుతుంది. రెండు దెబ్బలు దగ్గరగా పడతాయి, ఒకటి ఆలస్యంగా వస్తుంది, ఒకటి అందీ అందకుండా పోతుంది. గుండె దగ్గర స్టెత్‌తో లెక్కపెడితే 120, మణికట్టు దగ్గర 90. మిగతా 30 దెబ్బలు గుండె కొట్టుకుంది గానీ రక్తం అందించలేదు. మన శైవుడు కొట్టూరు బసవరాజు తన వైద్యగ్రంథం బసవరాజీయాన్ని నాడీ పరీక్షతోనే మొదలుపెట్టాడు. వాతనాడి పాములా, పిత్తనాడి కప్పలా, కఫనాడి హంసలా నడుస్తుందని మన వైద్యులు చెప్పుకున్నారు. ఆ సిద్ధాంతాన్ని నమ్మమని నేను చెప్పడం లేదు. ఆ మనుషులు వేళ్లు ఆనించి అంతసేపు కూర్చున్నారు, దాన్ని గౌరవించమంటున్నాను.

ఒకామె సంగతి చెప్తాను. ముప్ఫై అయిదేళ్లు దాటలేదు. ఏటా శివరాత్రికి వెంకటాపురం నుంచి నాగలూటి, పెద్దచెరువు మీదుగా అడవిలో నడిచి కొండకు వచ్చే మనిషి. 'భీమునికొలను దిగి కైలాసద్వారం మెట్లెక్కుతాంటే దమ్ము పట్టుకుంటాంది సార్, గుండెకాయ ఒకతీరుగా కొట్టుకోదు' అంది. రోగం పేరు తప్ప అన్నీ ఆమే చెప్పేసింది. అయినా రెండేళ్లు ఉబ్బసం పంపు పీల్చింది. చిన్నప్పుడు గొంతునొప్పి, ఆ తర్వాత కీళ్లు వాచి జ్వరం. స్ట్రెప్టోకాకస్ గొంతులోకి వచ్చి పోతుంది, దాని మీద ఒళ్లు చేసే యుద్ధం మాత్రం వాల్వును ఏళ్ల తరబడి తింటుంది. మూడు నాలుగు వారాలకొకసారి 12 లక్షల యూనిట్ల పెన్సిలిన్ సూది పడి ఉంటే ఆమె నా దాకా వచ్చేది కాదేమో. ఆ సూది ఇప్పుడు చాలా చోట్ల దొరకడం లేదు, దొరికినా వెయ్యడానికి భయపడుతున్నారు. ఇది ఇంకో ఉపన్యాసం, వదిలేస్తాను.

ఎవరికి చెయ్యాలంటే, ఇలాంటివాళ్లకు. ఇక ఎలా చెయ్యాలన్నది. 1909లో లండన్‌లో థామస్ లూయిస్ ఈసీజీ తీసి ఈ గందరగోళపు నాడికి మూలం పై గదుల వణుకేనని చూపించాడు. దాన్ని కత్తితో నయం చెయ్యవచ్చని చూపించడానికి ఇంకో 78 ఏళ్లు పట్టింది. 1987లో సెయింట్ లూయిస్‌లో జేమ్స్ కాక్స్ చేసిన ఆపరేషన్ పేరు మేజ్. బోరు కింద మడి కట్టే ఇంట్లో పుట్టినవాళ్లకు ఇది బొమ్మ గీయకుండా చెప్పొచ్చు. నీళ్లు చేనంతా ఇష్టం వచ్చినట్టు పారకుండా గెనుములు వేసి, మడవ తీసిన దారినే పోనిస్తాం. కాక్స్ పై గదుల గోడలు కోసి మళ్లీ కుట్టాడు. కుట్టిన చోట మచ్చ కడుతుంది, మచ్చను కరెంటు దాటలేదు. గిర్రున తిరిగే అలలకు చోటుండదు, సైనస్ నోడ్ నుంచి కిందికి పోవడానికి ఒక్క దారే మిగులుతుంది. 1998లో బోర్డో నగరపు హైసగేర్ బృందం ఈ అల్లరి చాలావరకు ఊపిరితిత్తుల నుంచి వచ్చే సిరల మొదళ్లలో పుడుతుందని చూపించింది. అందుకే ఇప్పుడు మొదటి గెనిమ ఆ సిరల చుట్టూనే. 2002 నుంచి కోతల బదులు రేడియో ఫ్రీక్వెన్సీ క్లాంపుతో కాల్చడం, క్రయో ప్రోబుతో గడ్డకట్టించడం వచ్చాయి. అలవాటైన చేతికి ఇరవై నిమిషాల అదనపు పని. క్లాంపు మాత్రం ఖరీదైనది. అది కొనలేని చోట కాక్స్ మొదట చేసినట్టు బ్లేడూ సూదీ దారమే ఉన్నాయి. గుండె వెనక కుట్టు కారితే ఆపడం కష్టం, ఆ ధైర్యం ఉన్నవాళ్లే చెయ్యాలి.

ఆమె ఎడమ పై గది తెరిచినప్పుడు నా పిడికిలి పట్టేంత ఉంది. గోడ అంత పల్చన. పై గదికి చెవి ఆకారంలో ఒక సంచి వేలాడుతుంది చూశారూ, ఏట్రియల్ అపెండేజ్, దాని నోట్లో పాత రక్తపు గడ్డ. పొరలు పొరలుగా, బయట ఎర్రగా, లోపల బూడిద రంగులో. స్పూనుతో ముక్క జారకుండా తీశాను. ఒక్క తునక జారినా మెదడుకే. సెలైన్‌తో కడిగి, సంచిని మొదలంటా కోసి మూసి, సిరల చుట్టూ గీతలు వేసి, అప్పుడు వాల్వు జోలికి వెళ్లాను.

ఈ సంచి మీద నాకు పిచ్చి, మా ఇంట్లోవాళ్లకు కూడా తెలుసు. ఈ రోజు మనం మూసేస్తున్న ఈ సంచే ఒకప్పుడు గుండెలోకి వాకిలి. 1925లో లండన్‌లో హెన్రీ సౌటర్ ఒక అమ్మాయి అపెండేజ్‌ను కత్తిరించి, అందులోంచి చూపుడు వేలు లోపలికి పోనిచ్చి మైట్రల్ వాల్వును తడిమాడు. హార్ట్ లంగ్ మిషను లేదు, కొట్టుకుంటున్న గుండె. అమ్మాయి బతికి ఇంటికి వెళ్లింది. అయినా ఫిజీషియన్లు ఆయనకు ఇంకొక్క పేషెంటును కూడా పంపలేదు. గుండెను ముట్టుకోవడమేమిటని వాళ్ల అభిప్రాయం. కొన్నేళ్లకు ఆ అమ్మాయి మెదడుకు చేరిన గడ్డతోనే పోయింది. 1948లో అమెరికాలో బెయిలీ, హార్కెన్ మళ్లీ ఆ దారిన వెళ్లేదాకా ఆ వాకిలి మూసే ఉంది. ఆ తర్వాత మన దేశంలో అదే నిత్యకృత్యం. సీమవాళ్లు గుండెకు రైలెక్కి వేలూరు వెళ్లే కాలమది.  నేను శిక్షణలో ఉండగా క్లోజ్డ్ వాల్వాటమీ రోజూ ఉండేది. సంచి మొదట్లో పర్స్ స్ట్రింగ్ కుట్టు వేసి, పక్కన మనిషి దాన్ని బిగించి పట్టుకుంటే, వేలు లోపలికి. అతుక్కున్న వాల్వు అంచు వేలి కొసకు గట్టిగా తగిలి, విడిపోయినప్పుడు పటుక్కుమన్నట్టుండేది. గడ్డ ఉందనిపిస్తే ముందు కాస్త రక్తం బయటికి వదిలి కడిగేవాళ్లం. బెలూన్‌తో వాల్వు తెరవడం వచ్చాక ఆ వేళ్లతో పని పోయింది. పేషెంటుకు మంచిదే. వేలితో వాల్వును ఎరిగిన సర్జన్లు మాతోనే ఆఖరు.

చిట్టీ వచ్చింది, పది నిమిషాలట. సరే.

వాల్వుతో పాటు లయకు కూడా చెయ్యడం వల్ల లాభమేమిటని అడిగేవాళ్లకు 260 మంది మీద అమెరికాలో, కెనడాలో జరిగి 2015లో ఫలితాలు వచ్చిన పరీక్ష ఉంది. మైట్రల్ ఆపరేషన్‌తో పాటు అబ్లేషన్, అంటే ఈ మచ్చ గీతలు వెయ్యడం, కూడా చేసినవాళ్లలో ఏడాదికి నూటికి 63 మంది ఫిబ్రిలేషన్ లేకుండా ఉన్నారు, వాల్వు మాత్రమే చేసినవాళ్లలో 29 మంది. 2017లో అమెరికా ఛాతీ సర్జన్ల సంఘం మైట్రల్ ఆపరేషన్‌తో పాటు చెయ్యమనే రాసింది. సంచి మూయడం గురించి 2021లో 4,770 మంది మీద లెక్క వచ్చింది. మూసినవాళ్లలో పక్షవాతం, గడ్డలు 4.8 శాతం, మూయనివాళ్లలో 7 శాతం. నాకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. గది ఆరు సెంటీమీటర్లు దాటి, ఫిబ్రిలేషన్ పదేళ్లుగా ఉన్నవాళ్లలో లయ తిరిగి రావడం కష్టం. వాళ్లకు కూడా సంచి మూయమంటాను.

ఒక అభ్యంతరం నాకు తరచూ ఎదురవుతుంది, అది న్యాయమైనది. లోహపు వాల్వు వేశాక రక్తం పలచబరిచే అసిట్రోమ్ మాత్ర జీవితాంతం తప్పదు కదా, లయ ఉంటే ఎంత, లేకుంటే ఎంత? తప్పదు, నిజమే. వాల్వును బాగుచేసినా, జంతు కణజాలపు వాల్వు వేసినా ఆ మాత్ర మానే ఆశ ఉంటుంది, లోహానికి ఉండదు. కానీ పై గది నొక్కితే కింది గది నిండేదాంట్లో ఐదో వంతు, కొందరిలో ఇంకా ఎక్కువ, దాని వల్లే వస్తుంది. కొండెక్కే మనిషికి, గంప మోసే మనిషికి ఆ వంతు కనబడుతుంది. డిగాక్సిన్ మాత్రలు తగ్గుతాయి. అన్నట్టు, స్వామికి కట్టే గన్నేరు పూలదీ డిగాక్సిన్ లాంటి విషమే. గన్నేరు పప్పు మింగి నాడి నలభైకి పడిపోయినవాళ్లను మన పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో చూడని డాక్టరు ఉండడు.

మూడోది, చేశాక. మొదటి మూడు నెలల్లో లయ మళ్లీ తప్పినా బెంబేలుపడి ఫెయిలని రాయకండి, కాల్చిన చోటు ఇంకా మానుతూ ఉంటుంది. అమియోడరోన్ ఆ మూడు నెలలు, థైరాయిడ్ పరీక్షతో పాటు. ఐఎన్ఆర్ లోహపు మైట్రల్‌కు 2.5 నుంచి 3.5 మధ్య. రక్తం పలచబరిచే కొత్తరకం మాత్రలకు మార్చకండి. రుమాటిక్ గుండెజబ్బు, ఫిబ్రిలేషన్ రెండూ ఉన్నవాళ్లలో రివరాక్సబాన్ కంటే పాత మందే మేలని 2022లో తేలింది, లోహపు వాల్వుకైతే అసలే పనికిరావు. గోంగూర, పాలకూర మానమని చెప్పకండి. వారం వారం ఒకేలా తినమనండి.

ఆమె ఆ తర్వాత బస్సులో వచ్చి దర్శనం చేసుకుని వెళ్తోంది, ఈసీజీలో పీ తరంగం ఉంది. కైలాసద్వారం మెట్లు మాత్రం నేను వద్దన్నాను, మా ఇద్దరికీ ఆ తగాదా ఇంకా తెగలేదు.

వెనక వరుసలో చెయ్యెత్తిన అమ్మాయి, పేస్‌మేకర్ గురించేనా? అవును, అబ్లేషన్ చేసినవాళ్లలో అది ఎక్కువే. నేను చెప్పిన 2015 పరీక్షలోనే రెండింతల పైన ఉంది. ముందే పేషెంటుకు చెప్పి సంతకం తీసుకో. తర్వాతి ప్రశ్న.