చిన్న సముద్రం చాలనప్పుడు



ఈవేళ నేను వంటల గురించో, కుట్లు అల్లికల గురించో మాట్లాడతానని మీరు అనుకుంటూ వుంటారు. కాదండి. ఉప్పునీటి అక్వేరియం గురించి చెబుతాను. "అది మగవాళ్ల సరదా, మనకెందుకు?" అంటారేమో! సరదా ఎవరిదైనా, పొద్దున్నే లేచి మూత తీసి చూసేది ఎవరు? నేలమీద ఒలికిన నీళ్లు తుడిచేది ఎవరు? మనమే కదా. అందుకని మనకే ముందు తెలియాలి.

మాది విశాఖపట్నం. రెండో అంతస్తులో ఇల్లు. మూడేళ్ల క్రితం మా అబ్బాయి రెండడుగుల గాజుతొట్టె తెచ్చి పెట్టాడు. అందులో 56 లీటర్ల ఉప్పునీళ్లు, నాలుగు రాళ్లు, అయిదు చేపలు. తుంటి ఎముక విరిగి కుర్చీకే పరిమితమైన మా అత్తగారికి అదే కాలక్షేపం. నారింజరంగు మీద తెల్లచారలుండే క్లౌన్ చేపల జంట అంటే ఆవిడకి ప్రాణం. ఈ చేపలన్నీ మగవిగానే పుడతాయట. జంటలో పెద్దది ఆడదిగా మారుతుంది. అది చచ్చిపోతే మగది ఆడదవుతుంది. ఈ సంగతి విని మా అత్తగారు, "అయితే పెత్తనం ఎప్పుడూ ఆడదానిదేనన్నమాట" అని పడీపడీ నవ్వారు.

ఒకసారి మేము పెళ్లికని కాకినాడ వెళ్లాం. మేత వేయమని పక్కింటి పాపకి చెప్పి వెళితే, పాపం ఆ పిల్ల జాలిపడి గుప్పెళ్లతో వేసింది. మిగిలిన మేత కుళ్లి నీళ్లలో అమ్మోనియా పెరిగింది. మేము తిరిగి వచ్చేసరికి మూడు చేపలు తేలివున్నాయి. పిల్లని ఏమనగలం? తప్పు మాది, ఆపైన తొట్టెది. గ్లాసెడు నీళ్లలో చెంచాడు కారం పడితే నోరు మండుతుంది, అదే బిందెడు నీళ్లలో పడితే తెలియదు. పెద్ద తొట్టెలో పొరపాటుని సరిదిద్దుకునే వ్యవధి దొరుకుతుంది. మేము పెద్దదానికి మారడానికి కారణం ఆడంబరం కాదు, ఇదీ.

కొత్తది నాలుగడుగుల పొడుగు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు. 255 లీటర్లు పడుతుంది. నీళ్లే 260 కిలోలు. గాజు, రాళ్లు, ఇనుప స్టాండు కలిపితే 350 కిలోలు దాటుతుంది. అంటే 25 కిలోల బియ్యం బస్తాలు పధ్నాలుగు ఒకేచోట పేర్చినట్లు! మేము ఇంజనీరుని పిలిచి చూపించాకే, కింద దూలం వున్న గోడవారగా పెట్టాం. పడమటి కిటికీ దగ్గర వద్దన్నాం. ఎండపడితే నీళ్లు వేడెక్కుతాయి, నాచు పడుతుంది. ఈ జీవాలకి 25, 26 డిగ్రీలు హాయి. వేసవిలో నీటిమీదికి చిన్న ఫాను తిప్పితే రెండు డిగ్రీలు తగ్గుతుంది. అంతకు మించి కావాలంటే చిల్లర్ కొనాలి, కరెంటు బిల్లుకి సిద్ధపడాలి.

"ఎదురుగా సముద్రం పెట్టుకుని ఉప్పు కొంటారా?" అని అందరూ నవ్వారు. కాని ఊరి ఒడ్డున వుండే నీళ్లలో మురుగు, నూనె కలుస్తాయండి. అందుకని శుద్ధిచేసిన నీళ్లలో అక్వేరియం ఉప్పు కలుపుకోవాలి. లీటరుకి సుమారు 35 గ్రాములు. తొట్టెనిండా దాదాపు తొమ్మిది కిలోలు. వంట ఉప్పు పనికిరాదు సుమా! ఉప్పుపాలు కొలవడానికి హైడ్రోమీటరు వుంటుంది. 1.025 దగ్గర చూపించాలి. ఇంకొకటి. చారు మరిగేకొద్దీ ఉప్పెక్కదూ? అలాగే తొట్టెలో నీరు ఆవిరైనా ఉప్పు అక్కడే వుంటుంది. కాబట్టి తగ్గిన మేరకు మంచినీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు.

ఇక అసలు కిటుకు. పాలు పెరుగు కావాలంటే తోడు వేయాలి కదా! కొత్త తొట్టెకి తోడు పాత రాళ్లు. చేపల మలినంలోంచి వచ్చే అమ్మోనియాని నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు ఆ రాళ్లమీద కాపురముంటాయి. మొదటి రెండూ చేపలకి విషం. మూడోది అంత ప్రమాదం కాదు, అప్పుడప్పుడు కొంత నీరు మారిస్తే పోతుంది. పాత నీళ్లలో ఈ సూక్ష్మజీవులు అట్టే వుండవు. అందుకని మార్చేటప్పుడు రాళ్లని ఒక్క నిమిషం కూడా ఆరనివ్వకుండా ఉప్పునీటి బకెట్లో వుంచాలి.

ఇంతా తెలిసి నేను ఒక తప్పు చేశాను. కొత్త ఇసుక దండగెందుకని పాత తొట్టె అడుగునున్న ఇసుకని కడగకుండా ఎత్తి కొత్తదాంట్లో పోశాను. పొదుపు మన రక్తంలో వుందాయె! ఆ ఇసుక అడుగున ఏళ్లతరబడి పేరుకున్న మడ్డి అంతా ఒక్కసారి లేచింది. సాయంత్రానికి నీళ్లు కుడితిలా అయ్యాయి. చేపలు రెండూ పైకి వచ్చి నోళ్లు తెరిచి ఆయాసపడుతున్నాయి. పరీక్ష చేస్తే అమ్మోనియా!

అదృష్టవశాత్తు ముందురోజు కలిపిన ఉప్పునీళ్లు మిగిలివున్నాయి. చేపల్ని ఆ బకెట్లోకి మార్చి గాలిపంపు పెట్టాం. ఇసుకంతా తోడి పారబోసి, రాళ్లు కడిగి, కొత్త నీళ్లు కలిపేసరికి రాత్రి రెండు దాటింది. పడుకోమని ఎంత చెప్పినా మా అత్తగారు కుర్చీలోంచి కదలలేదు. "ఆ ఆడకూతురు గట్టిది, బతుకుతుంది" అంటూ బకెట్ వంకే చూస్తూ కూర్చున్నారు. తెల్లవారాక వేసిన మెతుకంత మేత ఆ పెద్ద చేప అందుకుంది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఇసుక ఆదా చేసి రెండు ప్రాణాలు పోగొట్టుకునేదాన్ని!

కరెంటు మాట కూడా చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా ఊళ్లో రోజులతరబడి కరెంటు లేదు. అప్పటికి మాకు తొట్టె లేదు గాని, ఆ చీకటి మరిచిపోలేదు. నీరు కదలకపోతే చేపలకి ఊపిరాడదు. బ్యాటరీతో నడిచే గాలిపంపు ఒకటి ముందే కొనివుంచుకోండి.

ఆఖరుగా పగడాల సంగతి. తొట్టె పెద్దదయ్యాక మా అబ్బాయి బతికున్న రాతిపగడం ముక్క కావాలన్నాడు. ఎవరో చాటుగా తెచ్చిస్తామన్నారట. నేను ససేమిరా అన్నాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో రాతిపగడాలూ, సముద్రపు విసనకర్రలూ మొదటి షెడ్యూలులో వున్నాయి. పులి వున్న జాబితా అది. మన్నార్ సింధుశాఖలో, లక్షద్వీపాల్లో, అండమాన్‌లో వున్న పగడపు దిబ్బలు నీళ్లు వేడెక్కి ఇప్పటికే తెల్లబడుతున్నాయి. 2024 ఏప్రిల్లో ప్రపంచమంతటా ఇలాంటి విపత్తు నాలుగోసారి వచ్చిందని శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అందులోంచి ఒక ముక్క మన ముందుగదిలోకి రావాలా? సిరామిక్ రాళ్లతో గుహలు కట్టుకున్నాం. చేపలకి కావలసింది దాక్కునే చోటు, అంతే. చేపల్ని కూడా హేచరీలో పుట్టినవే అడిగి కొనండి. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు క్లౌన్ చేపల్ని తొట్టెల్లోనే గుడ్లు పెట్టించి పెంచే పద్ధతి ఎప్పుడో సాధించారు.

కాబట్టి, అమ్మా, మీ ఇంట్లో ఎవరైనా పెద్ద తొట్టె అంటే కాదనకండి. కాని నేల మొయ్యగలదా, కరెంటు ఖర్చు ఎంత, రోజూ పది నిమిషాలు ఎవరు కేటాయిస్తారు అని ముందే కూర్చుని తేల్చుకోండి. అందరూ సరేనంటేనే తెండి. ప్రాణమున్నదాన్ని ఇంటికి తెస్తే అది ఇంట్లో మనిషే మరి.

మా అత్తగారు ఇప్పుడు కుర్చీ కొంచెం దూరంగా వేయించుకున్నారు. తొట్టె పెద్దది కదా, దగ్గరగా కూర్చుంటే ఆ చివర కనబడదట!