కొడైకెనాలు కొండపై తెలుగు ఆచార్యుడు

(తిరుమంగళమున తెలుగు కుటుంబముల కూటమిలో చేసిన ప్రసంగ పాఠము)



మన పిల్లలు ఏదో ఒక వయస్సున ఇంటిలో ఒక ప్రశ్న వేయుదురు: "తాతా, మనది ఏ ఊరు?" దీనికి మనము రెండు జవాబులు చెప్పుచుందుము. మనది తిరుమంగళమే అనునది మొదటిది. విజయనగర రాజుల నాడు, మధుర నాయకుల నాడు మన పెద్దలు ఉత్తరమునుండి వచ్చిరనునది రెండవది. విశ్వనాథ నాయకుడు, తిరుమల నాయకుడు, రాణి మంగమ్మ అని మూడు పేర్లు చెప్పి ఆ కథను ముగింతుము. అటు తరువాతి మూడు వందల ఏండ్లలో మన భాషవారెవరును ఇటు రాలేదా, వచ్చి ఏమియు చేయలేదా అని పిల్లవాడు మరల అడిగినచో మనయొద్ద మాట ఉండదు. అట్టి ప్రశ్నకు జవాబు కాగల ఒకరి కథను నేడు మీకు విన్నవింపవలెనని వచ్చితిని. ఆయన రాజు కాడు, సేనాపతి కాడు. కళాశాలలో భౌతికశాస్త్రము చెప్పుకొనిన పంతులుగారు.

మన యూరికి వాయవ్యమున, సరళరేఖగా కొలిచినచో సుమారు 70 కిలోమీటర్ల దూరమున కొడైకెనాలు ఉన్నది. వేసవి యెండలకు తాళలేక మనము అచ్చటికి పోవుదుము. చెరువు చూచి, పడవ యెక్కి, పిల్లలకు ఉన్ని టోపీలు కొని తిరిగి వత్తుము. ఆ పట్టణమునకు పైన, సముద్రమట్టమునకు సుమారు 2,340 మీటర్ల యెత్తున, సూర్యుని పరిశీలించు వేధశాల యొకటి కలదు. 1937 మొదలు 1946 వరకు దానికి అధిపతిగా నుండినవారు అప్పాద్వేదుల లక్ష్మీనారాయణగారు. శాస్త్రలోకమున ఎ. ఎల్. నారాయణ్ అని ప్రసిద్ధులు. ఆ పీఠమెక్కిన తొలి భారతీయులు ఆయనయే. 1985లో దిండుగల్లు జిల్లా వేరుపడు వరకు కొడైకెనాలు మన మధుర జిల్లాలోనిదే గదా. కనుక ఆయన ఉద్యోగకాలమంతయు మన జిల్లావారే యని చెప్పుకొనవచ్చును.

ఆయన 1887లో గోదావరి మండలమున ముక్కామల గ్రామమున జన్మించిరి. రాజమహేంద్రవరమున చదివి, విజయనగరము మహారాజావారి కళాశాలలో భౌతికశాస్త్రాధ్యాపకులైరి. నాటికి ఆంధ్ర విశ్వవిద్యాలయము లేదు, అది 1926లో ఏర్పడినది. ఉత్తర సర్కారుల కళాశాలలన్నియు మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధములు. అధ్యాపకుని పని పాఠము చెప్పుట, పరీక్షకు పంపుట అంతవరకే. పరిశోధన యనునది సీమలో చదివినవారికే గాని జిల్లా కళాశాలలవారికి తగినది కాదను భావము బలముగా నుండిన రోజులవి. అట్టి చోట నారాయణ్ గారు పరిశోధన సాగించిరి. వారి వ్యాసములు లండను శాస్త్రపత్రికలలో అచ్చుపడెను. మద్రాసు విశ్వవిద్యాలయము ఆయనకు డి.ఎస్సి. పట్టము నొసగెను.

ఆ పరిశోధన యేమి? సులభముగా చెప్పుటకు ప్రయత్నించెదను. వెలుతురును ముక్కోణపు గాజుగుండ పంపినచో ఇంద్రధనుస్సువలె రంగులుగా విడిపోవునని పిల్లలకును తెలియును. సూర్యుని వెలుతురును అట్లు విడదీసి నిశితముగా చూచినచో ఆ రంగుల నడుమ సన్నని నల్లని గీతలు కనుపించును. దానికి కారణమిది. ప్రతి మూలపదార్థమును ఆవిరియై వెలుతురునకు అడ్డుగా నిలిచినపుడు తనకు చెందిన రంగులను మాత్రము మ్రింగివేయును. మ్రింగిన చోట నల్లని గీత యేర్పడును. మనిషికి వ్రేలిముద్ర యెట్టిదో మూలపదార్థమునకు ఈ గీతల వరుస అట్టిది. ఏ రెండింటికిని ఒకే వరుస యుండదు. విజయనగరమున నారాయణ్ గారు చేసిన పని యిదియే. లోహమును గొట్టములో నుంచి మిక్కిలి వేడిచేసి ఆవిరిగా మార్చి, ఆ యావిరిగుండ తెల్లని వెలుతురును పంపి, ఏ రంగులు మాయమయ్యెనో ఫోటో తీసి కొలుచుట. సీసము మొదలగు లోహముల ఆవిరులపై ఆయన ఇట్లు పరిశోధించిరి. సూర్యుని చుట్టునున్న వాయుమండలములో జరుగుచున్నదియు ఇదియే గనుక, ఆ చిన్న ప్రయోగశాలలోని గొట్టమును ఒక బుల్లి సూర్యమండల మనవచ్చును. అచ్చటినుండి కొడైకెనాలునకు దారి దూరమైనను విద్య మారలేదు.

ఈ విద్యకు తెలుగునేలతో అంతకు ముందే చుట్టరికము కలదు. 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము వచ్చినపుడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరున దిగి, సూర్యుని అంచున ఎగయు జ్వాలల వెలుతురును విడదీసి చూచెను. మద్రాసు వేధశాలకు చెందిన పాగ్సన్ మచిలీపట్టణమున చూచెను. ఆ సంవత్సరపు పరిశీలనలలో తేలిన పసుపుపచ్చని గీత భూమిపై నాటికి తెలిసిన యే పదార్థమునకును చెందినది కాదని తరువాత నిశ్చయించి, సూర్యుని పేరుతో దానికి హీలియమని పేరిడిరి. భూమిపై అది 1895లో గాని దొరకలేదు.

ఇక కొడైకెనాలు వేధశాల యెందుకు పుట్టినదో విన్నచో మన పెద్దలు చెప్పిన మాటయే గుర్తుకు వచ్చును. 1876లో మొదలైన ధాతు కరవు కథలు ఈ ప్రాంతమున వినని ఇల్లు లేదు. ఆ కరవు తరువాత, సూర్యునిపై మచ్చలు పెరుగుట తరుగుటలకును వానలకును సంబంధమేమైన నున్నదేమో చూడవలెనను ఆలోచన బలపడెను. దక్షిణ దేశపు కొండలపై సూర్యవేధశాల కావలెనని నిర్ణయించిరి. 1899లో మద్రాసునుండి పని కొడైకెనాలునకు మారెను. వానల రాకను సూర్యుని మచ్చలనుబట్టి చెప్పుట అనుకొన్నంత సులభము కాదని పిమ్మట తేలినది. అయినను ఆకలి ప్రశ్నతో పుట్టిన ఆ వేధశాల సూర్యుని గూర్చి మరెన్నో సంగతులను తెలిపినది.

ఆ వేధశాల అధిపతులందరును వలసవచ్చినవారే. మొదటివాడు మిచీ స్మిత్. ఆయన స్కాట్లండునుండి వచ్చి మద్రాసు క్రైస్తవ కళాశాలలో భౌతికశాస్త్రాచార్యుడుగా నుండినవాడు. ఉద్యోగము విడిచిన తరువాతను కొడైకెనాలును విడువక 1922లో అచ్చటనే కన్నుమూసెను. రెండవవాడు ఎవర్షెడ్. సూర్యుని మచ్చలలో వాయువులు కేంద్రమునుండి వెలుపలికి ప్రవహించుచుండునని 1909లో ఆ కొండపైననే కనుగొనెను. మూడవవాడు రాయిడ్స్. ఇచ్చటికి రాకముందు ఇంగ్లండున రూథర్‌ఫర్డుతో కలిసి, రేడియము వంటి పదార్థములనుండి వెలువడు ఆల్ఫా కణము హీలియమే యని గీతల సాక్ష్యముతో నిరూపించినవాడు. గుంటూరి గ్రహణపు నాటి గీత ఇట్లు తిరిగి తిరిగి మన కొండకు చేరినది. ఆ రాయిడ్స్ తరువాత పీఠము మన లక్ష్మీనారాయణగారిది.

వేధశాలలో నిత్యకృత్యమేమి? ప్రతి ఉదయము, ఎండకు నేల కాగి గాలి చలింపక ముందే, సూర్యుని ఫోటో తీయవలెను. 1904 నుండి ఈ వ్రతము సాగుచున్నది. మామూలు వెలుతురున ఒక ఫోటో, మచ్చలు చూచుటకు. కాల్షియము గీత వెలుతురున మరియొకటి. మన తాంబూలమున వ్రాయు సున్నములోనున్న కాల్షియమే అది. ఆ యొక్క రంగును మాత్రము వడకట్టి ఫోటో తీసినచో సూర్యునిపై అయస్కాంతబలము మిక్కుటముగానున్న తావులు తెల్లని మరకలుగా కనుపించును. 1912 నుండి హైడ్రోజను గీత వెలుతురునను తీయుచు వచ్చిరి. ఆ నాళ్ళలో ప్రతి గాజుపలకపై తేదీ, వేళ వ్రాసి భద్రపరచుచుండిరి. ఇందులో మెరుపు లేదు, చప్పట్లు లేవు. నేటి పలక నిన్నటి పలకవలెనే యుండెడిది. దీని విలువ పది యేండ్లు గడచిన తరువాత గాని తెలియదు.

సూర్యుని మచ్చలు సుమారు పదునొకండేండ్ల కొకసారి పెరిగి తరుగుచుండును. నారాయణ్ గారు అధిపతియైన 1937 మచ్చలు మిక్కిలిగా నుండిన సంవత్సరము. 1944లో అవి దాదాపు అడుగంటెను. ఆయన పదవి విడిచిన 1946 నాటికి మరల పొంగు వచ్చుచుండెను, 1947లో ఆ పొంగు పతాకస్థాయి నందెను. అనగా సూర్యుని యొక ఆటుపోటు దాదాపు సాంతముగా ఆయన చేతి మీదుగా నడచెను. అందులో ఆరేండ్లు ప్రపంచయుద్ధము నడచిన యేండ్లు. యుద్ధమున్నను సూర్యుడు ఆగడు, ఫోటోల పని ఆగరాదు.

సోదరులారా, ఇచ్చట ఒక మాట దాపరికము లేక చెప్పవలెను. రామన్ గారి పేర రామన్ ఫలితమున్నట్లు, ఎవర్షెడ్ పేర ఎవర్షెడ్ ఫలితమున్నట్లు, మన నారాయణ్ గారి పేర పాఠ్యపుస్తకములలో ఒక ఫలితము లేదు. మరి ఆయన విడిచిపోయినదేమి? రెండు కలవు.

ఒకటి వెనుక విడిచివచ్చిన యూరిలోనిది. విజయనగరమున ఆయనయొద్ద పరిశోధన నేర్చినవారిలో కోచర్లకోట రంగధామరావుగారొకరు. వారు లండనున ఫౌలర్ అను ఆచార్యునియొద్ద పనిచేసి, తిరిగివచ్చి, వాల్తేరున ఆంధ్ర విశ్వవిద్యాలయములో వర్ణపట పరిశోధనకు పెద్ద ప్రయోగశాలను నెలకొల్పిరి. ఆ ప్రయోగశాలనుండి బయలుదేరిన శిష్యపరంపర ఎన్నో కళాశాలలకు చేరెను. భారత జాతీయ విజ్ఞాన పరిషత్తు రంగధామరావుగారి పేర స్మారకోపన్యాసమును నెలకొల్పినది. గురువు దక్షిణమునకు తరలిపోయినను గురువు వెలిగించిన పొయ్యి ఉత్తరమున ఆరలేదు.

రెండవది ముందు చేరిన యూరిలోనిది. ఆయన కొడైకెనాలు చేరునాటికి ఫోటోల వరుస ఇతరులు మొదలుపెట్టినది. అది ఆయన సొత్తు కాదు, ఆయన ఊరివారిది కాదు, ఆయన భాషవారిది కాదు. అయినను తనదిగా చేపట్టి, తెగకుండ కాపాడి, 1946లో తరువాతి అధిపతియైన ఎ. కె. దాసుగారి కప్పగించిరి. నేడు ఆ వేధశాల భారత ఖగోళభౌతిక సంస్థలో భాగము. ఆ గాజుపలకలన్నిటిని కంప్యూటరున కెక్కించిరి. నూరేండ్లకు పైబడిన సూర్యుని నడవడి తెలియవలెనన్నచో ప్రపంచపు శాస్త్రజ్ఞులు వెదకుచోట్లలో మన కొండ ముఖ్యమైనది. ఆకాశమున కృత్రిమోపగ్రహములు తిరుగుచున్న ఈ కాలమున, సూర్యుని అలజడులు వానిని చెరుపగలవు గనుక, ఆ పాత పలకల అవసరము మరింత హెచ్చినది. 1973లో మరణించిన నారాయణ్ గారు ఈ ఉపయోగమును చూడలేదు.

నేను ఈ కథనుండి నేర్చుకొనినది మీతో పంచుకొని ముగించెదను. ఆయన వలసకును మన పెద్దల వలసకును భేదము కలదని నాకు తెలియును. ఆయన ఉద్యోగపు ఉత్తరువుతో వచ్చిరి, మనవారు వెనుకకు పోవు దారి లేక నిలిచిరి. కాని వలసవచ్చినవాని ముందు నిలుచు ప్రశ్న అందరికిని ఒకటియే. విడిచివచ్చినదానిని ఏమి చేయుట? చేరినచోట ఏమి చేయుట? మనలో కొందరు మొదటిదానిని పట్టుకొని రెండవదానిని పరాయిగా చూతురు. కొందరు రెండవదానిలో కలిసిపోయి మొదటిదానిని పాతసామానువలె అటుకమీద పెట్టుదురు. ఈ పంతులుగారు రెండును చేసిరి. వెనుక శిష్యుని నిలిపిరి, ముందు వరుస నిలిపిరి. ఒకదానికొరకు ఒకటి విడువలేదు.

సూర్యుని ఫోటోల విషయమున ఒక నియమము కలదు. మబ్బు కమ్మిన దినమున ఫోటో లేదు. ఆ లోటును మరునాడు పూడ్చుకొనుటకు వీలులేదు. నిన్నటి సూర్యుని నేడు ఫోటో తీయజాలము. మన యింటి తెలుగును అట్టిదే. మన తాతలు దినమున కొక పలక చొప్పున దానిని మన చేతికి అందించిరి. బడిలో పిల్లవాడు తమిళము చదువుచున్నాడు, చదువవలెను. అది ఈ నేల మనకిచ్చిన విద్య, మనమును దానికి పనిచేయవలెను. ఇంగ్లీషును చదువవలెను. కాని రాత్రి భోజనమువేళ ఒక గంట తల్లి తండ్రి తెలుగున పలుకకపోయినచో, ఆ దినపు పలక ఖాళీ. ఒక తరము ఖాళీయైనచో తరువాతి తరము దానిని తీయజాలదు.

ఈ వేసవిలో కొడైకెనాలు పోవువారు చెరువుతో తృప్తిపడక, ఒక పూట పిల్లలను వెంటబెట్టుకొని వేధశాల దారి పట్టుడు. అచ్చటి ప్రదర్శనశాలను చూపి, "మన భాష మాటాడిన పంతులుగారొకరు ఇచ్చట తొమ్మిదేండ్లు సూర్యుని లెక్కలు వ్రాయించిరి" అని తెలుగులోనే చెప్పుడు. "తాతా, మనది ఏ ఊరు?" అని అప్పుడు వాడడిగినచో కొండను చూపి, క్రింది మైదానమును చూపి, "రెండును మనవే, పని చేసినచో" అని జవాబిచ్చుడు.