శ్రుతి అన్న మాటకు ఎన్ని అర్థాలు

సంగీతం నేర్చుకునే పిల్లవాడికి తొలి పాఠంలోనే ఎదురయ్యే ‘శ్రుతి’ అనే పదం తెలుగులో కనీసం మూడు వేర్వేరు అర్థాలను మోస్తున్నదనీ, ఆ మూడింటినీ విడదీసి చెప్పే అలవాటు బోధనలో లేనందువల్లనే ఆ పిల్లవాడు మొదటి మెట్టు మీద తడబడుతున్నాడనీ గుర్తించి ఈ చర్చను మొదలుపెట్టడం సముచితం. లక్షణ గ్రంథాలలో శ్రుతి అంటే చెవి వేరుగా పోల్చుకోగలిగిన అతి సూక్ష్మమైన ధ్వని భేదం. 13వ శతాబ్దంలో దేవగిరి యాదవుల ఆశ్రయంలో శార్ఙ్గదేవుడు రచించిన సంగీతరత్నాకరం ఒక స్థాయిలో ఇవి 22 ఉంటాయని చెప్పి, షడ్జ మధ్యమ పంచమాలకు నాలుగేసి, రిషభ ధైవతాలకు మూడేసి, గాంధార నిషాదాలకు రెండేసి పంచిపెట్టింది. కచేరీలో శ్రుతి అంటే తంబురా ఎడతెగకుండా నిలిపి ఉంచే ఆధార ధ్వని. హార్మోనియం దగ్గర కూర్చున్న గాయకుడు ‘ఐదున్నర శ్రుతి’ అన్నప్పుడు ఆ ఆధారం ఏ మెట్టు మీద నిలవాలో చెబుతున్నాడు. తెల్లమెట్లకు పూర్ణాంకాలు, నల్లమెట్లకు అరలు చెల్లుతాయి కాబట్టి, మూడో నాలుగో తెల్లమెట్ల నడుమ నల్లమెట్టు లేని కారణంగా ‘మూడున్నర శ్రుతి’ అనే మాట పుట్టనేలేదు.

ఈ ఆధార శ్రుతిని వివరించడానికి పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామిక వాడల్లోని ఉపాధ్యాయుడు తంబురా కోసం వెదుక్కోనక్కరలేదు. విద్యుత్ ప్రవాహం సెకనుకు 50 ఆవర్తనాలు చేస్తుంది. ఒక్కొక్క ఆవర్తనంలో ట్రాన్స్‌ఫార్మర్ లోపలి ఇనుప రేకులు రెండుసార్లు అతిసూక్ష్మంగా సాగి ముడుచుకుంటాయి. అందువల్ల వీధి మలుపులోని ట్రాన్స్‌ఫార్మర్ సెకనుకు 100 కంపనాల ధ్వనిని రాత్రింబవళ్ళు పలుకుతూనే ఉంటుంది. ఆ ధ్వనిని షడ్జంగా తీసుకుంటే 150 కంపనాల దగ్గర పంచమం, 200 దగ్గర తారస్థాయి షడ్జం దొరుకుతాయి. స్థాయి అంటే కంపనాల సంఖ్య రెట్టింపయ్యే దూరం. సంవాదం అంటే 2:3 వంటి చిన్న సంఖ్యల నిష్పత్తి వల్ల రెండు స్వరాల మధ్య ఏర్పడే పొందిక. క్రమబద్ధమైన కంపనం నాదమనీ, క్రమం లేనిది హోరనీ శాస్త్రం చేసే విభజన కూడా ట్రాన్స్‌ఫార్మర్ గూగూ ధ్వనిని, రేకులు కోసే యంత్రం రొదను పక్కపక్కన పెడితే వెంటనే బోధపడుతుంది. అయితే ఆ రొద మధ్య ఏళ్ళ తరబడి పనిచేసే కార్మికుని వినికిడి మొద్దుబారితే, వినడమనే ధాతువు నుంచి పుట్టిన ‘శ్రుతి’ అతనికి పుస్తకంలోని అక్షరాలుగానే మిగిలిపోతుందన్న బాధ ఈ విషయాన్ని ముట్టుకున్న ప్రతివారికీ కలగవలసినదే.

ఈ నేలకు సంగీత పరిభాష కొత్తది కాదు. చరిత్రకారులు నేటి పటాన్‌చెరుగా గుర్తించే పొట్టలకెరె 11వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య జయసింహుని రాజధానిగా వెలుగొందింది; ఆ వంశానికే చెందిన మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దపు తొలి భాగంలో మానసోల్లాసంలో గీత వాద్య నృత్యాలకు విస్తారమైన చోటిచ్చాడు; అతని కుమారుడు జగదేకమల్లుడు సంగీతచూడామణి రచించాడు. 14వ శతాబ్దంలో రాచకొండ నేలిన రేచర్ల సింగభూపాలుడు రత్నాకరానికి సంగీతసుధాకరమనే వ్యాఖ్య రాశాడు. 1904లో సుబ్బరామ దీక్షితులు తమిళదేశంలోని ఎట్టయపురంలో సంగీత సంప్రదాయ ప్రదర్శినిని వెలువరించినప్పుడు దానిని తెలుగు లిపిలోనే అచ్చువేయించారు. లక్షణ విచారానికి ఇంతటి వారసత్వమున్న భాషలో పాఠ్యపుస్తకం ఇప్పటికీ సంస్కృత నిర్వచనాన్ని బట్టీ పట్టించి ఊరుకోవడం విచారకరం.

లయ, తాళాల విషయంలో గందరగోళం ఇంకా ఎక్కువ. లయ అంటే ఒక దెబ్బకూ మరో దెబ్బకూ నడుమనుండే సమానమైన వ్యవధి. ఆ వ్యవధి నిడివిని బట్టి విలంబితం, మధ్యమం, ద్రుతం అవుతుంది. తాళం అంటే ఆ దెబ్బలను లెక్కపెట్టి, ఒక సంఖ్య నిండగానే మొదటికి తిరిగివచ్చే చక్రం. ఒకసారి తిరిగిన చక్రం ఆవర్తం. కర్మాగారంలోని ప్రెస్సు గంటల తరబడి తప్పకుండా ఒకే వ్యవధితో దిగుతుంది కాబట్టి అందులో లయ ఉంది. కానీ అన్ని దెబ్బలూ ఒకే తీరుగా పడటంవల్ల, ఎక్కడ మొదలు, ఎక్కడ ముగింపు అన్న లెక్క లేనందువల్ల అందులో తాళం లేదు. దాని పక్కన నిలబడిన మనిషి నాలుగు, రెండు, రెండుగా విడదీసి ఎనిమిది లెక్కించి తిరిగి ఒకటికి వచ్చిన క్షణాన ఆదితాళం పుడుతుంది. ఒగ్గుకథ బృందంలో మాత్రం తాళమంటే చేతిలో మోగే కంచు వాద్యమే. ఆ అర్థమూ నిఘంటువుకు ఎక్కవలసిందే.

రాగం సంగతి వేరు. ఈ వాడలకు ఉత్తరాది నుంచి, ఒడిశా నుంచి వచ్చిన కార్మికుల బస్తీల్లో హిందుస్తానీ పేర్లు వినబడతాయి. పేరు ఒకటే అయినా స్వరాలు మారిపోతాయి: కర్ణాటక సంప్రదాయపు తోడి స్వరాలు అక్కడి భైరవికి దగ్గరివి, అక్కడి తోడి స్వరాలు ఇక్కడి శుభపంతువరాళికి దగ్గరివి, ఇక్కడి హిందోళం అక్కడ మాల్కౌంస్. ‘స్థాయీ’ అన్నా అక్కడి గాయకునికి మొదట తోచేది పాటలోని తొలి భాగం, అంటే ఇక్కడి పల్లవి వంటిది. రాగం కేవలం స్వరాల వరుస అయితే మేళం అన్న మాటే చాలేది. ఆ వరుసలో ఏ స్వరం మీద నిలవాలి, దేనిని గమకంతో ఊపాలి, ఏ సంచారం ప్రాణం అన్న నియమాలు కలిసినప్పుడే రాగమవుతుంది. శ్రుతి మించి రాగాన పడిందని జనం అనే మాటలో ఈ పారిభాషిక పదాలే ఉన్నా, అక్కడ హద్దు దాటిన వ్యవహారమే ఉద్దేశం.

అందుచేత సంగీత బోధన కోసం సిద్ధం కావలసిన పదకోశంలో ప్రతి పదానికీ గ్రంథార్థం, కచేరీ అర్థం, జానపద కళాకారుని అర్థం వేర్వేరుగా ఉండాలి. దరువు అన్నచోట యక్షగానంలోని పాటతోపాటు, సిర్రతో, చిటికెన పుల్లతో డప్పు మీద పలికించే వరుస కూడా చేరాలి. శ్రుతి చేయడం అన్నచోట తంబురా బిరడ తిప్పడంతోపాటు, వాయించే ముందు డప్పును మంట సెగకు కాచి, తోలు బిగిసిందో లేదో ఒక దెబ్బ కొట్టి చెవితో చూసుకోవడం కూడా రాయాలి.