పాత వ్యానును ఏమి చేయుదము?

(సంఘ వార్షిక సమావేశమున కార్యవర్గము పక్షమున చేసిన ప్రసంగ పాఠము)



జమాఖర్చుల పట్టిక చదువుటకు ముందు ఒక విషయమును మీ యెదుట ఉంచవలసియున్నది. ఆరు నెలలుగా హోసూరు పరిసరములందలి మన కుటుంబములలో నలుగురు ఎక్కడ కూడినను ఇదియే మాట. మన పాత మెటాడోర్ వ్యానును ఉంచుకొందుమా, దానిని మాని పనికివచ్చు కొత్త వ్యానును కొందుమా? కార్యవర్గములో మేమే రెండు పక్షములుగా చీలి, రెండుసార్లు తీర్మానము లేకయే లేచిపోతిమి. ఇప్పటికి ఒక అభిప్రాయమునకు వచ్చితిమి. ఎట్లు వచ్చితిమో చెప్పుట మా విధి.

మన వ్యాను 1974లో రిజిస్టరయినది. పూనాలోని బజాజ్ టెంపో వారు ఈ రకపు బండ్లను 1969లో చేయ నారంభించిరి. ఆ కంపెనీయే 2005 నుండి ఫోర్స్ మోటార్స్ అను పేరున నడచుచున్నది. పెండ్లివారిని, పూలబుట్టలను, నాటకములవారిని మోసి మోసి, మెటాడోర్ అనునది ఒక బండి పేరుగాక బండిజాతి పేరే అయినది. పల్లెలలో ఏ వ్యాను వచ్చినను మెటాడోరు వచ్చినదనియే అనుచుండిరి.

మన దానిపై మనకున్న ప్రేమకు వేరొక కారణము కూడ కలదు. దాని పక్కన నీలిరంగుమీద తెల్లని తెలుగు అక్షరములున్నవి. ప్రతి ఉగాదికి వాటికి కొత్త రంగు వేయుట మన ఆచారము. అంగళ్ల బోర్డులు తమిళమునందును, కన్నడమునందును, ఇంగ్లీషునందును ఉండు మన వీధులలో, మన పిల్లలెందరో 'అ' అను అక్షరమును పలకమీద కంటె ముందు ఆ రేకుమీదనే చూచిరి. ఈ మాట నిజమని చేతులెత్తగలవారు ఈ సభలోనే పలువురున్నారు.

గుణములును తక్కువ కావు. ఇంజను బలము ముందు చక్రములకే పోవునట్టి కట్టుబడి కావున వెనుకటి నేల ఎత్తు తక్కువ. హార్మోనియము, తబలాలు, పుస్తకముల పెట్టెలు, నాటకపు తెరలు నడుము వంచకయే లోపలికి తోయవచ్చును. చెడినచో మన వీధి మెకానికే రెండు స్పానర్లతో సరిచేయును. ఈ సౌకర్యములు కొత్త వ్యానులో ఉండవు. దానిని పరీక్షించుటకు యంత్రము కావలెను, కంపెనీ షెడ్డుకు పోవలెను. తెరలు అందులో పట్టవు. ఈ నష్టములను మేము దాచుటలేదు.

అయినను గత కార్తీకమాసమున జరిగినది మీరెరుగుదురు. పద్యపఠన పోటీనుండి ఏడుగురు పిల్లలతో, ఉపాధ్యాయురాలితో తిరిగివచ్చుచుండగా రాయకోట దారిలో బ్రేకు పట్టు తప్పినది. డ్రైవరన్న నేర్పువలన బండి మెల్లగా పొలము గట్టునకు తగిలి ఆగినది. ఎవరికిని దెబ్బ తగులలేదు. కాని రెండు గంటలసేపు పిల్లలు చీకటిలో, లారీల వెలుగులో, రోడ్డు పక్కన నిలుచుండిరి. మరునాడు ఒక తల్లి వచ్చి, "బండిమీద మీకెంత ప్రేమయో మాకును అంతేనండి. కాని మా పిల్లలను దానికి పందెముగా పెట్టకండి" అనెను. ఆమెకు చెప్పుటకు మాయొద్ద సమాధానము లేకపోయినది.

అటుపిమ్మట మేము లెక్కలు, చట్టములు చూచితిమి. సొంత వాడుక బండికి 15 ఏండ్లు నిండిన పిదప అయిదేండ్లకొకసారి పరీక్షకు పెట్టి రిజిస్ట్రేషను పొడిగించుకొనవలెను. కారులకు 600 రూపాయలుగా నుండిన ఈ రుసుము 2022 ఏప్రిల్‌లో 5,000 అయినది. గత సంవత్సరము మన మరమ్మతు ఖర్చు డీజిలు ఖర్చును మించినది. ఇక రక్షణ మాట: మన వ్యానులో నడుము పట్టీలు లేవు. కొత్త కారులలో చక్రములు బిగిసిపోకుండ ఆపు బ్రేకు ఏర్పాటు 2019 ఏప్రిల్ నుండియు, డ్రైవరుకు గాలిసంచి 2019 జులై నుండియు తప్పనిసరియైనవి.

"వింటేజి బండిగా నమోదు చేయించి నడుపుకొనరాదా?" అని కొందరు పెద్దలు అడిగిరి. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వము దీనికి నిబంధనలు చేసినది. 50 ఏండ్లు నిండి, మొదటి రూపము చెడని సొంత బండ్లకు ఇవి వర్తించును. కొత్త నమోదునకు 20,000 రూపాయలు, పదేండ్లు చెల్లును, పిమ్మట పొడిగింపునకు 5,000. వయస్సులో మన వ్యాను నెగ్గినది. కాని ఆ బండిని ప్రదర్శనకు, పాతబండ్ల ఊరేగింపునకు, మరమ్మతునకు, చమురు పోయించుకొనుటకు తప్ప నిత్యపు పనికి రోడ్డెక్కించరాదు. పైగా 1986లో మనము దాని ఇంజనునే మార్పించితిమి. మూలరూపము చెడలేదని ఏ నోటితో చెప్పగలము? కావున బిరుదు ఇప్పించి పనియు చేయించుకొందమను ఆశ రెండువిధముల చెల్లదు.

పాత ఒక రోత, కొత్త ఒక వింత అను సామెత మా విషయమున వర్తింపదు. మాకు పాత రోత కాదు. మన తాతలు రైతులు. వారి యింట ముసలి యెద్దును ఎట్లు చూచిరో జ్ఞాపకము చేసికొనుడు. శక్తి ఉడిగిన యెద్దును కాడికి కట్టలేదు, కటికివానికిని అమ్మలేదు. కొట్టములో ఇంత గడ్డివేసి ఉంచిరి. కాడికి మాత్రము కోడెను తెచ్చిరి. ముసలిదానిమీద ప్రేమయని దానిచేతనే దుక్కి దున్నించినవానిని ఊరు మెచ్చలేదు.

ముప్పది యేండ్లు దానిని నడిపిన డ్రైవరన్నను అడిగితిమి. అతడు కొంతసేపు ఊరకుండి, "అయ్యా, అది మనలనందరిని ఇండ్లకు చేర్చినది. ఇక దానిని ఇంటికి చేర్చుదము" అనెను. మాలో పట్టుదలగా ఉన్నవారు కూడ ఆపైన మారు పలుకలేదు.

కావున మీ యామోదమునకై మూడు ప్రతిపాదనలు ఉంచుచున్నాము. మొదటిది: నేటినుండి పాత వ్యానులో పిల్లలను ఎక్కించరాదు. రెండవది: చందాలు కూడగట్టి కొత్త వ్యాను కొనవలెను, నాటకములకు మాత్రము ఏటికొకసారి లారీ బాడుగకు తీసికొనవచ్చును. మూడవది: పాతదానిని తుక్కుకు అమ్మరాదు. రిజిస్ట్రేషను రద్దు చేయించి, సంఘమందిరపు పెరటిలో రేకుల పందిరి క్రింద నిలిపి, చమురు తీసివేసి, పిల్లల పుస్తకశాలగా చేయవలెను. పుస్తకములకు దాని ఎత్తు తక్కువ నేల ఎంతయు అనుకూలము.

పందిరికి రేకులు ఇచ్చెదమని ఒక కుటుంబమువారు ఇదివరకే చెప్పిరి. అలమరలకు కొయ్య కావలెను. సాయంకాలము గంటసేపు కూర్చుండి పిల్లలచేత చదివించువారు కావలెను. వీరు దొరకనిచో మంచి పందిరి క్రింద పాత బండి మిగులునేగాని పుస్తకశాల కాదు.

వచ్చు ఉగాదికి రంగువేయు పని రెండింతలగును. కొత్త వ్యాను పక్కన కూడ తెలుగు అక్షరములు వ్రాయవలెను గదా. కుంచె పట్టగలవారు సభ ముగియగానే మా యొద్ద పేర్లు వ్రాయించుడు.