అమెరికా పుట్టినరోజు ఏది?



ఈ వారం మన కబుర్లు అమెరికా పుట్టినరోజు గురించి. సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూకి చదువుకున్న వాళ్ళని నిద్రలో లేపి అడిగినా 1776 జూలై 4 అని చెప్పేస్తారు. ఆఫీసరు ముందు ఆ జవాబే చెప్పండి, మార్కు పోగొట్టుకోకండి. కానీ అదే ప్రశ్న మన పిల్లలు స్కూలు నుంచి ఇంటికి మోసుకొస్తే సంగతి అంత సులువు కాదు.

ముందు ఆ తేదీనే చూద్దాం. ఇంగ్లండుతో తెగతెంపులు చేసుకోవాలని కాంగ్రెస్ ఓటు వేసింది జూలై 2న. ప్రకటనని ఆమోదించింది 4న. ఎక్కువమంది సంతకాలు పెట్టింది ఆగస్టు 2న. రాబోయే తరాలు జూలై 2నే పండగ చేసుకుంటాయని జాన్ ఆడమ్స్ తన భార్యకి ఉత్తరం కూడా రాశాడు. మా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో కూడా అంతే లెండి, అప్రూవల్ ఒక రోజు, సంతకాలు ఇంకో రోజు. ఇదంతా సరదా తగువు.

అసలు తగువు 1619 గురించి. ఆ ఏడు ఆగస్టు చివర్లో వైట్ లయన్ అనే ఇంగ్లీషు ఓడ వర్జీనియాలోని పాయింట్ కంఫర్ట్‌కి వచ్చింది. పోర్చుగీసు బానిసల ఓడ మీద పడి దోచుకొచ్చిన ఇరవై మందికి పైగా ఆఫ్రికన్లని అక్కడ ఇచ్చి, బదులుగా తిండి సరుకులు తీసుకుంది. ఈ సంగతి మనకి జాన్ రాల్ఫ్ అనే వలసదారు రాసిన ఉత్తరం వల్ల తెలిసింది. సరిగ్గా 400 ఏళ్ళకి, 2019 ఆగస్టులో, న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్ ‘1619 ప్రాజెక్ట్’ అని ప్రత్యేక సంచిక వేసింది. దేశం కథని ఆ ఓడతో మొదలుపెట్టి చెబితే ఎలా ఉంటుందన్నది దాన్ని నడిపిన నికోల్ హానా-జోన్స్ ప్రశ్న.

అక్కడితో ఆగితే ఇంత గొడవ అయ్యేది కాదేమో. వలసవాసులు స్వాతంత్ర్యం ప్రకటించడానికి ఒక ముఖ్య కారణం బానిసత్వాన్ని కాపాడుకోవడమే అని ఆవిడ రాశారు. గోర్డన్ వుడ్, జేమ్స్ మెక్‌ఫర్సన్ వగైరా అయిదుగురు చరిత్రకారులు అది తప్పని 2019 డిసెంబరులో లేఖ రాశారు. ఆధారం అసలు లేదా అంటే, ఉంది. తిరుగుబాటుదార్ల బానిసలు తమ వైపు వచ్చి పోరాడితే విడుదల చేస్తామని 1775 నవంబరులో వర్జీనియా గవర్నరు డన్మోర్ ప్రకటించాడు. అక్కడి భూస్వాములు మండిపడ్డారు. కానీ మసాచుసెట్స్‌లో తుపాకులు పేలింది అంతకు ముందే, ఏప్రిల్‌లో. అందుకే 2020 మార్చిలో పత్రిక ఆ వాక్యంలో ‘కొందరు’ అన్న మాట చేర్చింది. చిన్న మాటే. కానీ నాకు మాత్రం ఈ వాదన మొత్తంలో అన్నిటికన్నా విలువైన మాట అదే అనిపిస్తుంది.

అటువైపు నుంచి ‘1776 కమిషన్’ నివేదిక 2021 జనవరి 18న వచ్చింది. అందులో ఒక్క ఆధారం కూడా చూపించలేదు. రెండు రోజుల్లో బైడెన్ ఆ కమిషన్‌ని రద్దు చేశారు, 2025 జనవరిలో ట్రంప్ మళ్ళీ వేశారు. 1776ని గౌరవించడానికి ఆ నివేదిక అవసరం లేదు, జెఫర్సన్ చిత్తుప్రతి చాలు. బానిస వ్యాపారాన్ని తిడుతూ ఆయన ఒక పేరా రాశాడు. కాంగ్రెస్ దాన్ని కొట్టేసింది. రాసిన మనిషి జీవితకాలంలో 600 మందికి పైగా బానిసలకి యజమాని. ఇవన్నీ పక్కపక్కనే నిజాలు. ఇక ఈ రెండు తేదీలకీ ముందునుంచే ఈ నేల మీద ఉన్న వాళ్ళ మాటేమిటి? ప్లిమత్‌లో 1970 నుంచి థాంక్స్‌గివింగ్ రోజున వాళ్ళు సంతాప దినం పాటిస్తున్నారు.

మనకిదేం కొత్త కాదు. 1948 సెప్టెంబర్ 17న నిజాం లొంగిపోయాడని అందరూ ఒప్పుకుంటారు. పేరు దగ్గరే పేచీ. ఒకరికి విమోచనం, ఒకరికి విలీనం, ఇంకొకరికి విద్రోహం. 2022లో హైదరాబాదులో అదే రోజున కేంద్రం విమోచన దినం, రాష్ట్రం సమైక్యతా దినం వేరువేరు మైదానాల్లో జరిపాయి. 2024లో కొత్త ప్రభుత్వం ప్రజాపాలన దినం అంది. రజాకార్ల దురాగతాలు నిజం. ఆ తర్వాత వేల సంఖ్యలో ముస్లింలు చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ నివేదించిందీ నిజమే. ఏ ఊరి నుంచి వచ్చామో, ఏ ఇంట్లో పుట్టామో దాన్నిబట్టి మనలో చాలామందికి ఇందులో సగమే తెలుసు.

ఇక్కడ మన పిల్లల పరిస్థితి కూడా అలాగే ఉంది. 1619 ప్రాజెక్టుని బడిలో పాఠంగా చెప్పకూడదని ఫ్లోరిడా 2021లో నిషేధించింది. టెక్సాస్ కూడా అదే ఏడు, దాన్ని తప్పనిసరి చెయ్యకూడదని చట్టం చేసింది. మన బతుకులు తెలిసినవే కదా, ప్రాజెక్టు అయిపోతే న్యూజెర్సీ నుంచి డాలస్‌కి ట్రక్కు కట్టాల్సిందే. ఇల్లు మారితే పిల్లల చరిత్ర కూడా మారిపోతుంది. అందుకే మా ఇంట్లో పెట్టుకున్న పద్ధతి, ఎవరు ఏం చెప్పినా “ఇది ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు?” అని అడగడం.

వర్జీనియా వైపు వెళ్ళేవాళ్ళు జేమ్స్‌టౌన్ చూసి తిరిగొచ్చేస్తారు. ఈసారి ఇంకాస్త ముందుకి, హాంప్టన్ దాకా వెళ్ళండి. పాయింట్ కంఫర్ట్ అక్కడే, ఫోర్ట్ మన్రో కోట దగ్గర. 1861 మే నెలలో ముగ్గురు బానిసలు యజమాని దగ్గర నుంచి తప్పించుకుని పడవలో ఆ కోటకే చేరారు. ఫ్రాంక్ బేకర్, షెపర్డ్ మలరీ, జేమ్స్ టౌన్సెండ్ అని వాళ్ళ పేర్లు. తిరిగి పంపెయ్యమని అడగడానికి మనిషి వస్తే, జనరల్ బట్లర్ పంపనన్నాడు. ఆ కబురు విని వేలమంది ఆ కోటకి నడిచొచ్చారు.