లేబుల్ మీద మామిడిపండు బొమ్మ

(నంద్యాల జిల్లా ఆళ్లగడ్డ మహాజన సభలో మా సమాఖ్య తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు, అప్పుల లెక్కలు ఇంతకుముందే విన్నారు. మేము ఒక లేబుల్ గురించి చెప్పదలచుకున్నాము. తప్పు మాదే కాబట్టి దాచేదేం లేదు.

పోయిన ఏడాది కాయల కాలం అయిపోయినాక గుజ్జు దొరకలేదు. నంద్యాలలో ఎసెన్సు, రంగు తెచ్చి చక్కెర పాకంలో కలిపి సీసాలు నింపితిమి. లేబుల్ మాత్రం పాతదే. పండిన మామిడిపండు బొమ్మ, కింద “బనగానపల్లె మామిడి షర్బత్” అని పెద్ద అక్షరాలు. అందరూ చేసేదే గదా అనుకుంటిమి. స్టాల్ దగ్గర ఒక పెద్దామె సీసా కొని, తిప్పి చూసి, “మాది బనగానపల్లే. ఇందులో మా కాయ ఎంతుందమ్మా?” అనె. మాలో ఒక్కరికీ మాట రాలేదు.

తర్వాత కనుక్కుంటే తెలిసింది. పండు లేకుండా ఫ్లేవర్ ఒక్కటే వేస్తే అది పండు సరుకు కాదు, “మామిడి ఫ్లేవర్డ్” అని స్పష్టంగా రాయాలి. తప్పు లేబుల్‌కు 2006 ఆహార భద్రతా చట్టం కింద 3 లక్షల దాకా జరిమానా. ఆ పెద్దామె తలచుకుంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. సరుకు ధర 5 లక్షల లోపైతే రుసుము కూడా లేదు. పైగా బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు మన రైతులది, మన ఎసెన్సు సీసాది కాదు.

అమెరికాలో 2019 నుంచి వెనిల్లా పేరు మీదనే వందకు పైగా కేసులు పడినాయి. వెనిల్లా అంటే రుచి పేరే గానీ, కాయ నుంచే తీశామని చెప్పినట్టు కాదని జడ్జీలు చాలావాటిని కొట్టేశారు. అయినా “ఏజ్డ్ వెనిల్లాతో చేసింది” అని రాసుకున్న ఏ అండ్ డబ్ల్యూ కూల్‌డ్రింకుల కేసులో కంపెనీ 1.5 కోట్ల డాలర్లకు రాజీపడింది.

అంత దూరం ఎందుకు? హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు చక్కెర ఎక్కువున్న పండ్ల రుచి పానీయాలను ఓఆర్ఎస్ పేరుతో అమ్మడం మీద ఏళ్ల తరబడి పోరాడి, 2022లో తెలంగాణ హైకోర్టుకు పోయారు. 2025 అక్టోబర్‌లో ఆ పేరు తీసేయాలని ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. విరేచనాలైన బిడ్డకు ఆ డబ్బా చూసే గదా మనమూ తాపించేది.

మిగిలిన లేబుళ్లు కాల్చేసినాము. “మామిడి ఫ్లేవర్డ్” అని కొత్తవి అంటిస్తే రెండు అంగళ్లవాళ్లు సీసాలు వద్దన్నారు. అప్పు కంతులు మాత్రం ఆగవు గదా. ఈసారి కాయ దిగినప్పుడే గుజ్జు తీసి నిల్వ పెట్టుకోవడానికి స్త్రీనిధి రుణం కావాలని తీర్మానం రాసుకొచ్చినాము. చదువుతాము, వినండి.