బీఏ చదివితే ఏమొస్తది?

 

మొన్న పసుపు తవ్వకాలప్పుడు డిగ్రీ రెండో ఏడాది చెల్లి ఒకతె వచ్చి, "మేడం, నా సర్టిఫికెట్లు ఇచ్చేయండి" అంది. చదువుతున్నది హిస్టరీ, పొలిటికల్ సైన్స్. "బీఏ చదివితే ఏమొస్తది, కూలికన్నా రా" అన్నారట ఇంట్లో. ఆమెకు చెప్పిందే ఈరోజు మీకూ చెబుతున్నాం.

ఆర్మూర్ పిల్లలకు పసుపు సంగతి కొత్త కాదు. తవ్విన కొమ్మును ఉడకబెట్టి, ఆరబెట్టి, పాలిష్ పడితేనే మార్కెట్ యార్డుకు పోతుంది. బీఏ కూడా అంతే. ఉత్త డిగ్రీతో సోషల్ టీచర్ కాలేరు, డిగ్రీ లేకుండానూ కాలేరు.

బడిలో సోషల్ టీచర్ కావాలంటే ఎడ్‌సెట్ రాసి రెండేళ్ల బీఈడీ చేయాలి. మెథడాలజీ సోషల్ స్టడీస్ తీసుకోవాలి. తర్వాత టెట్ రెండో పేపర్: 150 మార్కులు, అందులో 60 సోషల్‌వే. ఎస్టీలకు 60 మార్కులొస్తే పాస్. ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది. ఆ మార్కులకు డీఎస్సీలో 20 శాతం వెయిటేజీ ఉంది. కాబట్టి పాసైతే చాలనుకోకండి, ఎక్కువ తెచ్చుకోండి.

జూనియర్ కాలేజీలో హిస్టరీ, సివిక్స్ లెక్చరర్ పోస్టులు వేరువేరు. ఏది కావాలో ఆ సబ్జెక్టులో ఎంఏ చేయాలి. డిగ్రీ కాలేజీకైతే ఎంఏతో పాటు నెట్ గానీ సెట్ గానీ ఉండాలి. మనకు దగ్గర్లోనే డిచ్‌పల్లిలో తెలంగాణ యూనివర్సిటీ ఉంది. అక్కడ సీటుకు సీపీగెట్ రాయాలి.

ఒక చేదు మాట కూడా చెప్పాలి. 2017లో టీచర్ల నోటిఫికేషన్ వచ్చాక, మళ్లీ నియామకాలు జరిగింది 2024 డీఎస్సీతోనే, 11,062 పోస్టులకు. మధ్యలో ఏడేళ్లు. మా బ్యాచ్‌లోనూ డీఎస్సీ కోసమే కూర్చుని వయసు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. మాలో కొందరం అదే బీఈడీతో హాస్టల్ వెల్ఫేర్ ఆఫీసర్ పరీక్ష రాసి వార్డెన్లమయ్యాం. అందుకే ఒక్క నోటిఫికేషన్‌నే నమ్ముకోవద్దు. గురుకులం, గ్రూప్స్ కూడా రాయండి. వాటికీ మీ హిస్టరీ, పాలిటీ పనికొస్తాయి.

ఇంకో సంగతి. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరుడయ్యాక, నిజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్‌ను గోండుల మధ్యకు పంపింది. 1943లో మార్లవాయిలో గోండు యువకులకే టీచర్ శిక్షణ మొదలైంది. బయటి పంతులు కోసం ఎదురుచూడకుండా, తమ పిల్లలకు తమ వాళ్లే తమ భాషలో అక్షరాలు దిద్దించారు. ఇంట్లో గోర్‌బోలి మాట్లాడి మొదటిరోజు బడికొచ్చే తండా పిల్లకు, ఆ మాట తెలిసిన టీచర్ ఎదురైతే ఎంత ధైర్యమో మీకు తెలుసు. మనలో చాలామందికి ఆ టీచర్ దొరకలేదు.

ఆ చెల్లి సర్టిఫికెట్లు ఇంకా మా బీరువాలోనే ఉన్నాయి. ఈసారి అడిగితే ఎడ్‌సెట్ కౌన్సెలింగ్ కోసమే అడగాలని చెప్పాం.